సొంత కత్తి

1664 జనవరి 6వ తేదీ పొద్దున లండన్‌లో శామ్యూల్ పెపీస్ అనే పెద్దమనిషి తన గడ్డం తానే కత్తితో గీసుకున్నాడు. అప్పటికి అతడి వయసు ముప్ఫై. నౌకాదళ కార్యాలయంలో పలుకుబడి ఉన్న కొలువు. ఆ తరగతి మనుషులకు మంగలి చేత గడ్డం గీయించుకోవడం, గీస్తున్నంతసేపూ ఊళ్లో కబుర్లు వినడం మామూలు. అంతకు రెండేళ్ల కిందట పెపీస్ మరో ఉపాయం కూడా చేసి చూశాడు. అగ్నిపర్వతాల దగ్గర దొరికే గరుకు రాయితో గడ్డాన్ని రుద్ది వదిలించుకోవడం. కొన్నాళ్లు బాగానే సాగింది. కత్తి చేతికి వచ్చిన రోజు మాత్రం అతడి సంబరం వేరు. డబ్బూ మిగులుతోంది, పొద్దూ మిగులుతోంది, పని సులువుగానే ఉంది, ఇక ఈ అలవాటు మానేది లేదని ఆ రోజు డైరీలో సంకేతలిపిలో రాసుకున్నాడు.

గడ్డం గీసుకున్నందుకు డైరీకి ఎక్కించాల్సినంత ఏముంది అని ఇవాళ అనిపించవచ్చు. ఆ కాలానికి అది చిన్న విషయం కాదు. కత్తి వృత్తివాళ్ల పనిముట్టు. డబ్బున్నవాడు కత్తి కొనుక్కోగలడు గానీ దాని పదును కాపాడుకోవడం అతడికి రాదు. పది గడ్డాలు గీసేసరికి ఎంత ఖరీదైన కత్తయినా మొద్దుబారుతుంది. అప్పుడు మళ్లీ మంగలి దగ్గరికో, కత్తులు చేసేవాడి దగ్గరికో పోవాల్సిందే. గడ్డం కత్తి చరిత్రలో అసలు పేచీ అంతా ఈ పదును దగ్గరే ఉంది.

పెపీస్ తరవాత వందేళ్లకు పారిస్‌లో జాన్ జాక్ పెరే అనే కత్తుల పనివాడు ఎవరి గడ్డం వాళ్లే గీసుకోవడం ఎలాగో నేర్పే పుస్తకం ఒకటి రాశాడు. 1769 నాటి మాట. కత్తుల పనిలో ఆరితేరినవాడు కాబట్టి కొత్తవాళ్లు ఎక్కడ భయపడతారో అతడికి తెలుసు. వడ్రంగి చిత్రిక చూసి, అందులోని ఇనుప పలకలాగే కత్తి అంచు కొద్దిగా మాత్రమే బయటికి కనబడేట్టు చెక్క తొడుగు వేసే ఆలోచన చేశాడు. చర్మంలోకి దిగకుండా వెంట్రుకను మాత్రమే కోసే ఏర్పాటు అది. తరవాత వచ్చిన సేఫ్టీ రేజర్లకు దీన్నే తాతగా చెబుతారు. అయితే తొడుగు గాయాన్ని ఆపుతుంది గానీ మొద్దుబారడాన్ని ఆపలేదు.

18వ శతాబ్దం చివరి పాతికేళ్లలో లండన్‌లో ఈ విషయం మీద పుస్తకాలే పుట్టుకొచ్చాయి. శావిగ్ని, కింగ్స్‌బరీ లాంటి కత్తుల తయారీదార్లు కత్తి బరువు ఎంతుండాలి, ఆకారం ఎలా ఉండాలి, ఉక్కు గట్టిపడేందుకు నీరు ఎంత పెట్టాలి, పదును ఎలా నిలబెట్టాలి అని పేజీలకు పేజీలు రాశారు. వాళ్ల ఉద్దేశం సరుకు అమ్ముకోవడమే. అయినా అవి చదివితే కొత్తగా కత్తి కొన్నవాడి అవస్థ కళ్లకు కడుతుంది. జార్జ్ ప్యాక్‌వుడ్ అనే మరో లండన్ వ్యాపారి కత్తి సంగతి వదిలేసి, దాన్ని తిప్పే తోలుపట్టీ మీద పడ్డాడు. పత్రికల్లో పాటలు, పొడుపుకథలు, ఉత్తుత్తి సంభాషణలు అన్నీ తన తోలుపట్టీ గొప్పదనం మీదే వేయించాడు. 1796లో ఆ ప్రకటనలన్నిటినీ కుట్టి ఒక పుస్తకంగా అమ్మాడు కూడా! ప్రకటనల చరిత్ర రాసేవాళ్లు ఇప్పటికీ ఆయన పేరు తలుచుకుంటారు. ఒక తోలుముక్కకు అంత గిరాకీ ఎందుకంటే ఇంటింటా మొద్దుబారిన కత్తులు పడి ఉన్నాయి గనక.

నాసిరకం సరుకు కూడా అలాగే పోటెత్తింది. పీటర్ పిండార్ అనే కలం పేరుతో రాసిన హాస్యకవి ఒకాయన, డజను కత్తులు కారుచౌకగా అంటగట్టిన సంత వ్యాపారి మీద కవిత్వం చెప్పాడు. గీసుకోబోయి ముఖం చెక్కుకుపోయిన పల్లెటూరివాడు తిరిగొచ్చి నిలదీస్తే, అవి గీసుకోవడానికి చేసినవి కావు, అమ్ముకోవడానికి చేసినవి అని వ్యాపారి చల్లగా జవాబిస్తాడు. క్షవరమైతే గానీ వివరం తెలియదని మన సామెత. ఆ పల్లెటూరివాడికి రెండూ ఒకేసారి జరిగాయి.

ఈ గొడవంతా బెంజమిన్ ఫ్రాంక్లిన్‌కు బాగా ఎరుక. ఆత్మకథలో వీధులు ఊడ్చే సంగతి, దీపాల సంగతి రాస్తూ రాస్తూ మనిషి సుఖం ఎక్కడుంటుందనే చర్చలోకి దిగుతాడు. ఒక పేద కుర్రాడికి వెయ్యి గినీలు ఇవ్వడం కంటే, గడ్డం గీసుకోవడమూ కత్తిని సరిగ్గా ఉంచుకోవడమూ నేర్పితే వాడికి ఎక్కువ మేలు అంటాడు. డబ్బు ఖర్చయిపోతుంది, తగలేశానన్న బాధ మిగులుతుంది. కత్తి పట్టడం వస్తే మంగలి కోసం కాచుక్కూచోవడం, మురికి వేళ్లు, నోటి దుర్వాసన, మొండి కత్తి ఇవేవీ భరించనక్కర్లేదు. మంగళ్లకు కోపం తెప్పించే మాటే గానీ, ఫ్రాంక్లిన్ గీసుకోవడంతో ఆగలేదు. కత్తిని సరిగ్గా ఉంచుకోవడాన్ని కూడా జోడించాడు. అనుభవం ఉన్నవాడు కాబట్టే ఆ రెండో సగం రాశాడు.

కత్తిని సరిగ్గా ఉంచుకోవడమంటే ఏమిటో కొంచెం చూడాలి. మడత గడ్డం కత్తికి వీపు మందంగా, అంచు అతి పలచగా ఉంటుంది. రాతి మీద నూరేటప్పుడు వీపూ అంచూ రెండూ రాయికి ఆనాలి. అలా ఆనిస్తే ఏ కోణంలో నూరాలో కత్తే చూపిస్తుంది, చేతికి అంచనా అక్కర్లేదు. రాతి మీద అంచు ముందుకు నడవాలి. తోలుపట్టీ మీద మాత్రం అందుకు తలకిందులు. వీపు ముందు, అంచు వెనక. కొసకు చేరాక వీపు మీదనే పొర్లించి తిప్పాలి. కొత్తవాడు తొందరలో అంచు మీద తిప్పుతాడు. తోలూ తెగుతుంది, పదునూ పోతుంది. పట్టీని వదులుగా పట్టినా అంతే, అంచు గుండ్రబడుతుంది. గీసుకున్నాక తడి తుడిచి ఆరబెట్టి చుక్క నూనె రాయకపోతే మర్నాటికి అంచున తుప్పు చుక్కలు కనబడతాయి. గీసేటప్పుడు చర్మాన్ని ఎడమ చేత్తో బిగలాగి, కత్తిని దాదాపుగా ముఖానికి పడుకోబెట్టి, బరువు వేయకుండా నడపాలి. కోస్తున్నానన్న ఆలోచన వస్తే చాలు, తెగుతుంది.

ఇంగ్లండులో డబ్బున్న ఇళ్లలో వారానికి ఏడు కత్తుల పెట్టె పెట్టుకునేవాళ్లు. వీపు మీద ఆదివారం, సోమవారం అని వారాల పేర్లు చెక్కి ఉండేవి. వాడిన కత్తికి ఆరు రోజులు విశ్రాంతి ఇస్తే పదును తనంతట తాను కోలుకుంటుందని ఒక నమ్మకం. దాని మాట ఎలా ఉన్నా, ఒక్కో కత్తి వారానికి ఒక్క గడ్డమే చూస్తుంది కాబట్టి మళ్లీ నూరాల్సిన అవసరం రావడానికి ఎక్కువ రోజులు పట్టేది.

పదును నిలవాలంటే ఉక్కు బాగుండాలి. షెఫీల్డ్ పేరు ఇక్కడ రాకతప్పదు. అక్కడి కత్తుల పనివాళ్లకు 1624 నుంచే చట్టబద్ధమైన సంఘం ఉంది. అయితే ఉక్కు మాత్రం ఒకచోట గట్టిగా, ఒకచోట మెత్తగా ఉండేది. బెంజమిన్ హంట్స్‌మన్ గడియారాలు చేసేవాడు. స్ప్రింగులకు నమ్మకమైన ఉక్కు దొరకక విసిగి 1740ల్లో షెఫీల్డ్ శివార్లలో మట్టి మూసల్లో ఉక్కును పూర్తిగా కరిగించి పోతపోసే పద్ధతి కనిపెట్టాడు. ఊళ్లో పనివాళ్లు మరీ గట్టిగా ఉందంటూ దాన్ని ముట్టుకోలేదు. హంట్స్‌మన్ ఫ్రాన్సుకు అమ్ముకున్నాడు. ఆ ఉక్కుతో చేసిన ఫ్రెంచి సరుకు ఎదురుగా వచ్చి నిలబడితే గానీ షెఫీల్డ్‌కు తెలివి రాలేదు.

మూసలో ఉక్కు కరిగించడం యూరప్‌కు కొత్త గానీ దక్కనుకు కాదు. ఇప్పటి నిజామాబాద్ జిల్లాలోని కోనసముద్రంలో అంతకు ఎంతో ముందు నుంచీ మట్టి మూసల్లో ఉక్కు ముద్దలు తీసేవాళ్లు. గోల్కొండ రాజ్యపు ఉక్కు పారశీక దేశానికి పోతుందని 17వ శతాబ్దంలోనే ఫ్రెంచి వ్యాపారి టావెర్నియే రాశాడు. సర్వే శాఖలో వైద్యుడిగా, భూగర్భ శాస్త్రజ్ఞుడిగా పనిచేసిన హెన్రీ వాయ్సీ 1820 ప్రాంతంలో కోనసముద్రం కొలుములు స్వయంగా చూశాడు. ఇస్ఫహాన్ నుంచి వచ్చిన వ్యాపారి ఒకడు ఆ ఊళ్లో మకాం పెట్టి, ఏ ఇనుము ఎన్ని పాళ్లు కలపాలో దగ్గరుండి తూకం వేయించుకోవడం అతడు గమనించాడు. ఆ వివరాలు 1832లో కలకత్తా ఏషియాటిక్ సొసైటీ పత్రికలో అచ్చయ్యాయి.

ఈ తరహా ఉక్కుకు యూరప్‌లో ఊట్జ్ అని పేరు. 1794లో హెలినస్ స్కాట్ అనే వైద్యుడు బొంబాయి నుంచి కొన్ని ముద్దలు లండన్‌లో రాయల్ సొసైటీ అధ్యక్షుడు జోసెఫ్ బ్యాంక్స్‌కు పంపాడు. మరుసటి ఏడు జార్జ్ పియర్సన్ వాటి మీద పరిశోధన పత్రం చదివాడు. ఆ ముద్ద ఒకటి జేమ్స్ స్టోడార్ట్ అనే కత్తుల పనివాడి చేతికి వచ్చింది. లండన్ స్ట్రాండ్ వీధిలో 401 నంబరు దుకాణం ఆయనది. శస్త్రచికిత్స పరికరాలు, గడ్డం కత్తులు చేసేవాడు. కాచడానికి, సాగదీయడానికి మొరాయించే ఆ ఉక్కుతో ఓపిగ్గా కుస్తీపట్టి లొంగదీశాడు. చివరికి తన దుకాణం చీటీ మీదే, ఏళ్ల తరబడి పోల్చి చూశాక యూరప్‌లోని మేలిరకం ఉక్కు కంటే ఈ భారతదేశపు ఉక్కే నాకు ఇష్టం అనే అర్థం వచ్చేట్టు అచ్చువేయించుకున్నాడు. సొంత దేశంలో షెఫీల్డ్ ఉక్కు మోగిపోతున్న రోజుల్లో ఒక లండన్ వ్యాపారి ఆ మాట అనడానికి గుండెధైర్యం కావాలి.

అక్కడితో కథ ఆగలేదు. 1818-19 ప్రాంతంలో స్టోడార్ట్, అప్పటికింకా కుర్రవాడైన మైకేల్ ఫారడేతో కలిసి రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో ఊట్జ్ రహస్యం తేల్చే పని పెట్టుకున్నాడు. ఫారడే కమ్మరి కొడుకు. ఇద్దరూ ఉక్కులో వెండి, ప్లాటినం, రోడియం కలిపి మూసలు కాచారు. వెండి ఐదు వందల పాళ్లకు ఒక పాలు మించితే కలవదని తెలుసుకున్నారు. 1820లో, 1822లో ఫలితాలు ప్రకటించారు. 1823లో స్టోడార్ట్ పోయాక ఆ పని సన్నగిల్లింది. దాని జ్ఞాపకంగా మిగిలినవి గడ్డం కత్తులే. ఆ మిశ్రమ ఉక్కుల్లో ఒకదానితో చేయించిన కత్తులను ఫారడే స్నేహితులకు కానుకగా ఇచ్చేవాడని ఆయన శిష్యుడి లాంటి జాన్ టిండాల్ రాశాడు. విద్యుత్తు శాస్త్రానికి పునాది వేసినవాడి దగ్గర్నుంచి గడ్డం కత్తి కానుకగా అందుకున్నవాళ్లు ఎంత జాగ్రత్తగా దాచుకున్నారో గానీ, ఫారడే వదిలిన ఉక్కు ముక్కల పెట్టె మాత్రం దొరికింది. అందులోని 79 నమూనాలను రాబర్ట్ హ్యాడ్‌ఫీల్డ్ పరీక్షించి 1931లో పుస్తకం వేశాడు.

వ్యాపారులు ఇంకో రకంగా లాభపడ్డారు. షెఫీల్డ్ కత్తుల మీద ‘సిల్వర్ స్టీల్’ అని ముద్ర పడటం మొదలైంది. వాటిలో చాలావాటిలో వెండి ఉన్నది ఆ పేరులోనే.

కత్తి కొన్నవాడి జ్ఞాపకాల్లోకి ఎన్నడూ రానివాళ్లు సానపట్టేవాళ్లు. షెఫీల్డ్‌లో వీళ్లు తిరిగే సానరాతి ముందు గుర్రం ఎక్కినట్టు కాళ్లు చెరోవైపు వేసి కూర్చుని, ముందుకు వంగి పనిచేసేవాళ్లు. పొడిరాతి మీద పనిచేసేవాళ్ల ముఖంలోకి రాతి ధూళి, ఉక్కు ధూళి కలిసి కొట్టేవి. ఊపిరితిత్తులు పాడై, దగ్గి దగ్గి నడివయసు చూడకుండా పోయేవాళ్లు. డాక్టర్ ఆర్నాల్డ్ నైట్, డాక్టర్ కాల్వర్ట్ హాలండ్ 19వ శతాబ్దం మొదటి సగంలోనే ఈ జబ్బు గురించి రాశారు. అందరికంటే అధ్వాన్నం ఫోర్కులు సానపట్టేవాళ్లది, ముప్ఫై దాటడమే కష్టం. గడ్డం కత్తులవాళ్లూ పెద్దగా మెరుగేమీ కాదు. ఉక్కు రజను లాగేసేలా అయస్కాంతాల ముసుగు ఒకటి 1820ల మొదట్లో అబ్రహామ్ అనే ఆయన తయారుచేసి ఇచ్చాడు. పనివాళ్లు వాడలేదు. ప్రాణభయం పోతే ఈ పనిలోకి జనం ఎగబడతారని, కూలి పడిపోతుందని వాళ్ల లెక్క. ఇంత క్రూరమైన లెక్కను వాళ్లచేత వేయించిన కూలి ఎలాంటిదో వేరే చెప్పక్కర్లేదు.

19వ శతాబ్దం రెండో సగంలో జర్మనీలోని సోలింగెన్ షెఫీల్డ్‌ను దాటిపోయింది. షెఫీల్డ్ పాత కత్తులు చీలలా దిట్టంగా ఉండేవి. సోలింగెన్ పనివాళ్లు కత్తి రెండు పక్కలా లోపలికి గుంటగా సానపట్టి, గోటితో మీటితే మోగేంత పలచన చేశారు. అలాంటి కత్తిని తిరిగి నూరడం సులువు. సోలింగెన్‌లో పని ఊళ్లంతటా చెదిరి ఉండేది. ఒకచోట కాచడం, వుపర్ నది, దాని వాగుల ఒడ్డున ఉన్న సానశాలల్లో సానపట్టడం, ఇంకొకరి ఇంట్లో పిడి బిగించడం. ఈ చోట్ల మధ్య సరుకు మోసింది ఆడవాళ్లు. నెత్తిన బుట్ట నిండా కత్తులు పెట్టుకుని కొండదారుల్లో మైళ్ల కొద్దీ నడిచేవాళ్లు. వాళ్ల గుర్తుగా ఆ ఊళ్లో విగ్రహం కూడా ఉంది.

పోటీలో మోసం కూడా ఉంది. జర్మనీ సరుకు కొంత షెఫీల్డ్ ముద్రతోనే అమ్ముడుపోయేది. షెఫీల్డ్‌వాళ్లు మొరపెట్టుకోగా 1887లో బ్రిటిష్ పార్లమెంటు సరుకు ముద్రల చట్టం చేసింది. విదేశీ సరుకు మీద పుట్టిన దేశం పేరు పడాలన్నది దాని ఉద్దేశం. మరో రెండేళ్లకు ఇండియాలోనూ అలాంటి చట్టం వచ్చింది. తీరా జరిగిందేమిటంటే ‘మేడిన్ జర్మనీ’ అన్న ముద్రే నాణ్యతకు గుర్తయి కూర్చుంది. 1938లో జర్మనీ సోలింగెన్ పేరుకు ప్రత్యేక రక్షణ కల్పించింది, ఆ ఊరి సరుకు మీద తప్ప ఆ పేరు వేయడానికి వీల్లేదు. ఇక షెఫీల్డ్‌లో క్యాడ్‌మన్ కంపెనీ చేసిన కత్తుల బ్రాండు పేరు ‘బెంగాల్’. బెంగాలుకూ ఆ కత్తికీ ఉన్న చుట్టరికం ఆ పేరుతో సరి.

తెలుగునాట సొంత కత్తి కథ వేరే దారిలో నడిచింది. ఇక్కడ గడ్డం కత్తి ఇంట్లో ఉండే వస్తువు కాదు. దాని చోటు మంగలి పొదిలో. అందులో కత్తి, కత్తెర, గోళ్లు తీసే పనిముట్టు, నూరుడురాయి, తోలుముక్క, అద్దం, నీళ్లగిన్నె, పటిక. పొది చంకన పెట్టుకుని నాయీబ్రాహ్మణుడు ఇంటింటికీ వచ్చేవాడు. అరుగు మీదో, చెట్టు కిందో పని. కూలి ఏ రోజుకారోజు కాదు, పంట చేతికొచ్చాక కళ్లంలో ధాన్యం కొలిచి ఇచ్చే మేర. కొన్ని ఊళ్లలో ఇనాం భూములూ ఉండేవి. కత్తి పట్టిన చేతులే కురుపులు కోసేవి, పెళ్లిలో సన్నాయి, డోలు వాయించేవి. ఆ ఇంటి ఆడవాళ్లు పురుళ్లు పోసేవాళ్లు. పుట్టువెంట్రుకలు మొదలు పదోరోజు క్షవరం దాకా ఊళ్లో ప్రతి ఇంటి శుభాశుభాల్లో ఆ కత్తికి పాత్ర ఉంది. అందుకే పెద్ద కుటుంబీకుడు సొంతంగా కత్తి కొని గీసుకోవాలన్న ఊహే రాలేదు. సొంత కత్తి చేతికి రావడమనే ఘట్టం ఉన్నదల్లా ఆ వృత్తివాళ్ల పిల్లలకే. తండ్రి పక్కన కూర్చుని నురగ కలిపి, రాయి మీద నూరడం చూసి చూసి నేర్చుకున్నాక వాళ్ల చేతికి వచ్చేది. అరచేతి మీద కత్తిని ఆ పక్కా ఈ పక్కా తిప్పి పదును సరిచేసుకోవడం వాళ్లకు తోలుపట్టీ లేకపోయినా వచ్చిన విద్య.

ఆ పనితనానికి రాజులు మెచ్చిన సందర్భమూ ఉంది. 16వ శతాబ్దం నడుమ విజయనగరంలో పేరుకు సదాశివరాయలు రాజు, పెత్తనం అళియ రామరాయలది. కొండోజు అనే క్షురకుడి పనికి రామరాయలు సంతోషించి రాజ్యంలో మంగలి వృత్తివారి మీద పన్నులు తీసేశాడు. ఒక్కచోట కాదు, వేరువేరు ఊళ్లలో వేయించిన శాసనాలు ఈ సంగతి చెబుతున్నాయి. తనకేం కావాలని అడిగినప్పుడు కులం మొత్తానికి పన్ను మాఫీ అడిగినవాడు మామూలు మనిషి అయి ఉండడు.

కత్తి ఒకరి చేతిలోనే ఉండటంలో చీకటి పక్క కూడా ఉంది. ఊరి కట్టుబాటు తప్పినవాళ్లకు మంగలిని ఆపేయడం వెలివేతలో భాగం. దళితులకు చాలా ఊళ్లలో ఆ కత్తి అసలే అందలేదు. వాళ్లలో వాళ్లే ఒకరికొకరు గీసుకోవాల్సి వచ్చేది. 1955లో అంటరానితనం నేరాల చట్టం వచ్చాకే ఇలా పని నిరాకరించడం నేరమైంది, అయినా ఆచారం చట్టమంత తొందరగా మారలేదు. భర్త పోయిన ఆడపిల్లలకు, వాళ్లు పదేళ్లవాళ్లయినా సరే, కొన్ని కులాల్లో ఆ కత్తి అంటే వణుకు. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో వీరేశలింగం మొదటి వితంతు వివాహం చేయించింది ఆ గుండు తప్పించడానికి కూడా. 1890లో బొంబాయిలో నారాయణ్ మేఘాజీ లోఖండే చొరవతో క్షురకులే సభ పెట్టుకుని, వితంతువులకు గుండు గీయబోమని తీర్మానించారు. కత్తి పట్టినవాళ్లు కత్తి దించిన రోజది. సంస్కర్తల ఉపన్యాసాల కంటే దానికి బలం ఎక్కువ.

తిరుపతి క్షవరం అన్న మాట కూడా ఈ వ్యవస్థ నుంచే పుట్టింది. కొండ మీద రద్దీలో గిరాకీ జారిపోకుండా ఒకరికి సగం గీసి కూర్చోబెట్టి, ఇంకొకరి తల తడిపి, మూడోవాడి దగ్గరికి పోయేవాళ్లట. సగం గుండుతో లేచి పోలేడు కదా! ఇవాళ కల్యాణకట్టలో టోకెన్లు, వరసలు, బ్లేడు బిగించే కత్తులు. మాట మాత్రం సగంలో వదిలేసిన ప్రతి పనికీ మిగిలిపోయింది.

ఆ బ్లేడు సంగతికి వస్తే, దాని పుట్టుక కూడా ఒక మొద్దు కత్తి దగ్గరే. 1895లో ఒక పొద్దున అమెరికాలో కింగ్ క్యాంప్ జిలెట్ అనే తిరుగుడు వ్యాపారి గడ్డం గీసుకోబోయాడు. కత్తి మొద్దుబారి ఉంది. తోలుపట్టీ మీద తిప్పితే బాగుపడే దశ కూడా దాటిపోయింది. ఇక మంగలి దగ్గరికో సానపట్టేవాడి దగ్గరికో తీసుకుపోవాల్సిందే. అద్దం ముందు అలా నిలబడి ఉండగానే ఊహ తట్టిందని ఆయనే తరవాత చెప్పుకున్నాడు. సీసా మూతలు అమ్మే కంపెనీలో పనిచేసేవాడు కాబట్టి, వాడి పారేసే సరుకు తయారుచేస్తే కొన్నవాడు మళ్లీ మళ్లీ వస్తాడనే పాఠం ముందే వినివున్నాడు. పలచని ఉక్కు రేకుకు పదును పెట్టడం కుదరదని నిపుణులన్నారు. విలియం నికర్సన్ అనే ఇంజనీరు కుదిర్చి పెట్టాడు. 1903లో అమ్మింది 51 రేజర్లు, 168 బ్లేడ్లు. మరుసటి ఏడాది రేజర్లే 90 వేలు దాటాయి. మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా ప్రభుత్వం సైనికుల కోసం 35 లక్షల రేజర్లు, 3 కోట్లకు పైగా బ్లేడ్లు కొన్నది. ఒక తరం కుర్రాళ్లు సొంత కత్తి అవసరం లేకుండానే గడ్డం గీసుకోవడం నేర్చుకుని ఇళ్లకు తిరిగొచ్చారు. పదును నిలబెట్టే విద్యను జిలెట్ ఎవరికీ నేర్పలేదు, దాని అవసరమే లేకుండా చేశాడు.

తెలుగు ఇళ్లలోకి బ్లేడు రేజరు ముందు ఉద్యోగస్తులతో వచ్చింది. ఆఫీసు వేళకు మంగలి కోసం కాచుక్కూచోవడం కుదరదు. మంగళవారం సెలూన్లకు సెలవు కూడాను. సెలూన్లలో మాత్రం మడత కత్తి ఇంకా చాలాకాలం నడిచింది. కుర్చీ పక్కన వేలాడే తోలుపట్టీ మీద టపటపా తిప్పి, పటిక రాసి పంపడం 1980ల వరకూ పట్నాల్లో మామూలు దృశ్యం. 1986లో మన దేశంలో మొదట మద్రాసులో హెచ్ఐవీ బయటపడింది. తరవాతి ఏళ్లలో కొత్త బ్లేడు వాడమని అడగండి అన్న ప్రచారం ఊరూరా సాగింది. ఒక్క కత్తిని వంద ముఖాల మీద తిప్పడం జనానికి భయమైంది. మడత కత్తి ఆకారంలోనే ఉండి అరబ్లేడు బిగించుకునే పిడి సెలూన్లకు వచ్చింది. గిరాకీ కళ్ల ముందే బ్లేడు కాగితం చింపి, సగానికి విరిచి, బిగించి చూపించడం మర్యాదలో భాగమైంది. నూరుడురాళ్లు పొదిలోంచి బయటపడ్డాయి.

పాశ్చాత్య దేశాల్లో మడత కత్తిని ఈమధ్య మళ్లీ ఇష్టపడి కొనేవాళ్లు పుట్టుకొచ్చారు. బెల్జియం కొండల్లో తవ్వే పసుపుపచ్చ నూరుడురాళ్ల కోసం, వందేళ్ల నాటి షెఫీల్డ్ కత్తుల కోసం వాళ్లు వెతుకుతారు. ఆ మోజు కూడా వ్యాపారాన్ని పూర్తిగా నిలబెట్టలేకపోయింది. 1906లో మొదలైన సోలింగెన్ కంపెనీ డోవో 2020లో దివాలా దాఖలు చేసి, ఆ తరవాత మళ్లీ లేచింది.

మన ఇళ్లలో తాతల పెట్టెల్లో అప్పుడప్పుడూ ఇలాంటి కత్తి ఒకటి బయటపడుతుంది. ముందు చేసే పొరపాటు దాన్ని వీధిలో సైకిలు చక్రం మీద సానపట్టేవాడికి ఇవ్వడం. కూరగాయల కత్తికి ఆ చక్రం బాగానే పనికొస్తుంది. గడ్డం కత్తి అంచు కాగితమంత పలచన. చక్రం ముట్టగానే వేడెక్కి నీలం రంగు తిరుగుతుంది, అంటే ఉక్కుకు పెట్టిన నీరు దిగిపోయినట్టే. తరవాత ఎంత నూరినా పదును నిలవదు. పిడి పాత సెల్యులాయిడ్‌దైతే ఇంకో ప్రమాదం ఉంది. అది కాలక్రమాన కుళ్లి, ఆమ్లపు ఆవిరి వదిలి, మడిచిపెట్టిన కత్తిని లోపలే తినేస్తుంది. అలాంటి పిడి కనబడితే విప్పి కత్తిని వేరుచేసి ఉంచడం మంచిది. పిడి కొమ్ముదైతే భయం లేదు, కాస్త నూనె పూస్తే చాలు. అంచున పగులు లేకుండా, తుప్పు లోతుగా దిగకుండా ఉంటే, చదునైన నూరుడురాతి మీద వీపూ అంచూ రెండూ ఆనించి, నీళ్లు చల్లుకుంటూ చేత్తో నూరడమే దారి. తొందరపడితే అంచు పెచ్చులూడుతుంది.